ఉన్ని చొక్కా మీది అక్షరం

కాలేజీ వాళ్ళిచ్చిన కొత్త చొక్కాని ఫ్రూమా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మొదట వెలుతురుకి అడ్డంగా పట్టి చూసింది. తర్వాత ఛాతీ మీద కుట్టిన పెద్ద అక్షరం అంచుని రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది. ఇరవై ఏళ్ళుగా కోట్లకి లోపలి గుడ్డ కుట్టిన వేళ్ళవి. గుడ్డ ఏదో తెలియడానికి వాటికి కళ్ళతో పనిలేదు. అక్షరం చల్లగా, బిరుసుగా తగిలింది.

“ఇది ఒంటి మీద వేసుకున్నావా?” అంది.

“లేదమ్మా, ఇందాకే ఇచ్చారు. కెప్టెన్ చొక్కా,” అన్నాడు జల్మన్, ఉప్పుచేప ముక్కని నల్లరొట్టె మీద పెట్టుకుంటూ. “ఏం, బాలేదా?”

“చొక్కా ఉన్ని. అక్షరం నార.”

జల్మన్ నమలడం ఆపాడు. బల్ల అవతల టీ గ్లాసు పట్టుకున్న తండ్రి బెరిష్ చెయ్యి కూడా ఆగిపోయింది. గొర్రె ఉన్నీ, అవిసె నారా ఒకే బట్టలో కలిపి వేసుకోకూడదు. ఎందుకని ఎవరూ అడగరు. దేవుడు వద్దన్నాడు, అంతే. యూదులు షాత్నెజ్ అంటారు దాన్ని. ఊళ్ళో ఇంకెవరైనా పొరపాటు పడితే నలుగురూ జాలిపడతారు. కోట్లు కుట్టి బతికే ఇంట్లో షాత్నెజ్ తొడిగారంటే మాత్రం నార్ఫోక్ వీధిలో మళ్ళీ తలెత్తుకు తిరగలేరు.

“రెబ్ ఫైవిష్ గారికి చూపిస్తే పోలా?” అన్నాడు బెరిష్. గుడ్డలో నార ఉందో లేదో పరీక్ష చేసి చెప్పే ముసలి దర్జీ ఆయన. రెండు సందుల అవతలే ఉంటాడు.

“నా వేళ్ళకి తెలీదా? ఆయన గుమ్మంలో ఎప్పుడు చూసినా పదిమంది. ఎల్లుండి ఆటాయె. వీడు ఇలాగే తొడుక్కుని పోతే?” అప్పటికే ఆమె చేతిలో చిన్న కత్తెర ఉంది. “కాలు విరుగుతుంది. లేకపోతే కన్ను పోతుంది. అప్పుడు రెబ్ ఫైవిష్ గారు వచ్చి అతికిస్తారా?”

“అమ్మా, అది కాలేజీ గుర్తు.”

“గుర్తు లేకపోతే నువ్వెవరివో నీకు తెలీదా?”

పావుగంటలో అక్షరం ఊడి బల్ల మీద పడింది. చొక్కా మీద కుట్టు కన్నాలు మాత్రం చీమల బారులా మిగిలాయి.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఫ్రూమా కీడెంచడం దగ్గరే ఆగిపోయేది. జల్మన్‌కి పదమూడో ఏట ఈ బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. ఇల్లు తగలబడితే దిగడానికని గోడకి బిగించిన ఇనప నిచ్చెన చివర, అడుగు ఊడిన పీచుబుట్ట ఒకటి కట్టి, పేలికలు కుక్కిన మేజోడుని అందులోకి విసిరేవాళ్ళు వీధిలో పిల్లలు. నాలుగో అంతస్తు నుంచి ఫ్రూమా ఆ నిచ్చెన ఊడి వాడి నెత్తిన పడుతుందేమోనని చూసేది. బొగ్గు బండి కింద పడతాడేమోనని చూసేది. పోలీసు వచ్చి పట్టుకుపోతాడేమోనని చూసేది. ఏదీ జరగలేదు. ఇంతదాకా జరగలేదు కాబట్టి ఇంకా జరగాల్సే ఉందని ఆవిడ లెక్క.

వాడు కొండ మీది కాలేజీలో చేరాడు. జీతం కట్టక్కర్లేని కాలేజీ, అందుకే ఆ వీధి పిల్లలంతా అక్కడికే. మొదటి ఏడు జట్టులోకి రానివ్వలేదు. పొట్టి, పైగా ఎముకల పోగు అన్నారు. ఫ్రూమా లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది. రెండో ఏడు తీసుకున్నారు. అప్పుడొకసారి బెరిష్ బలవంతం మీద చూడ్డానికెళ్ళింది. ఆట స్థలం చుట్టూ రెండు నిలువుల ఎత్తు ఇనప వల. లోపల పదిమంది. తలుపుకి బయట గడియ. బంతి వలకి తగిలితే ఆట ఆగదు, మనిషి తగిలినా ఆగదు. అరగంటకి జల్మన్ భుజం మీద వల గళ్ళు ఎర్రగా అచ్చు పడ్డాయి.

“సముద్రం దాటి వచ్చింది కొడుకుని బోనులో పెట్టడానికా?” అని సగంలో లేచొచ్చేసింది.

“బోనుంటే బయటివాళ్ళు లోపలికొచ్చి కొట్టరు. అదో లాభం చూడు,” అన్నాడు బెరిష్, ఆమె వెనక పరిగెడుతూ.

మళ్ళీ ఆ వైపు తొంగి చూడలేదు. మూడో ఏడు వచ్చేసరికి జల్మన్ పేరు పేపర్లోకి ఎక్కింది. జట్టులో ఎవర్ని కొట్టినా, తోసినా, దానికి బదులుగా ఊరికే వేసుకోనిచ్చే బంతి ఒకటుంటుంది. జట్టు మొత్తానికీ ఆ బంతి వేసేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ జల్మన్. మోకాళ్ళు వంచి, రెండు చేతులతో కిందనుంచి, తొట్టెలో బిడ్డని ఊపినట్టు ఊపి వదిలేవాడు. వల పట్టుకుని వందలమంది కేకలేసి, ముక్కు చేతుల్తో సాగదీసి చూపించి, యూదుడా అని తిట్టి, నానా యాగీ చేసేవాళ్ళు. వాడికి చెవుడొచ్చినట్టు నిలబడి బంతి వదిలేవాడు. కింద వాటాలో ఉండే దొబ్రిష్ పేపరు తెచ్చి, వాడు నిన్న ఎన్ని వేశాడో తెలుసా అని మొదలుపెడితే ఫ్రూమా ఆవిడ నోరు మూసేది.

“లెక్కెట్టకు. దిష్టి. తూ తూ తూ.”

“పేపర్లో అచ్చేసినదానికి దిష్టేమిటే? ఊరంతా లెక్కెట్టేసింది. కొడుకు కోసం జనం టిక్కెట్లు కొనుక్కుంటుంటే నీ మొహం మాత్రం శవయాత్రకి వెళ్ళొచ్చినట్టుంటుంది. కాస్త నవ్వితే పళ్ళు రాలిపోతాయా?”

“నవ్వడానికి ముందు చదువు పూర్తవనీ.”

నాలుగో ఏడు జట్టు కుర్రాళ్ళు చేతులెత్తి జల్మన్‌నే కెప్టెన్‌ని చేసుకున్నారు. ఆ కాలేజీలో యూదు పిల్లాడు కెప్టెన్ అవడం అదే మొదలు. ఆటల అధికారి థార్ప్ దొరకి అది రుచించలేదు. తరగతి గదుల్నిండా వీళ్ళే, ఇక బయట ఊళ్ళకి కాలేజీ పేరు మోసుకెళ్ళేవాడు కూడా వీళ్ళలోవాడేనా అన్నాడని ఆ నోటా ఈ నోటా వచ్చింది. ఫ్రూమా ఆ మాట విన్న రోజు నుంచి నిద్రలేని మనిషే. పొడుగ్గా పెరిగిన గడ్డి మీదికే కొడవలి వెళ్తుందని ఆవిడకి తెలుసు. ఇంకొక్క చలికాలం. జూన్‌లో పట్టా చేతికొస్తే వాడు బడిపంతులవుతాడు. అంతదాకా తల వంచుకుని ఉంటే చాలు.

అలాంటి ఆవిడే అక్షరం ఊడదీసి కొడుకుని థార్ప్ నోటికి అందించింది.

శనివారం చీకటిపడి, పని ముట్టని సబ్బాతు ముగిశాక జరిగిన ఆటలో అయిదుగురిలో నలుగురి గుండెల మీదే అక్షరముంది. సోమవారం థార్ప్ జల్మన్‌ని గదిలోకి పిలిపించాడు. సాయంత్రం ఇంటికొచ్చి టోపీ కూడా తియ్యకుండా కుర్చీలో కూలబడ్డాడు జల్మన్.

“ఏమన్నాడు? తీసేశాడా? కాలేజీలోంచే తీసేశాడా?”

“లేదమ్మా. ఎందుకు ఊడదీశావన్నాడు. చెప్పాను. నవ్వాడు. మీవాళ్ళు ఈ దేశానికొచ్చింది బట్టలు కుట్టడానికనుకున్నాను, కుట్లు విప్పడానికి కూడానా అన్నాడు.”

“తర్వాత?”

“అక్షరం మళ్ళీ కుట్టించుకోవాలి. ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. రెండూ అయితేనే ఈ శనివారం ఆఖరి ఆటకి లోపలికి రానిస్తాట్ట.”

బెరిష్ కాగితం తీసుకుని దీపం దగ్గర పెట్టాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలడు. చదివి మడిచేశాడు.

“ఏముంది?” అంది ఫ్రూమా.

“ఏదో క్షమాపణ.”

“ఏదో ఏమిటి? చెప్పు.”

“మా ఇంట్లోవాళ్ళ అజ్ఞానం వల్ల, అనాగరికపు అలవాట్ల వల్ల కాలేజీ గుర్తుకి అవమానం జరిగింది, ఇందుకు సిగ్గుపడుతున్నాను, అని,” అన్నాడు జల్మన్. గొంతు చాలా మామూలుగా ఉంది.

మర్నాడు పని మధ్యలో ఫ్రూమా ఆ అక్షరాన్ని రుమాల్లో చుట్టుకుని రెబ్ ఫైవిష్ దగ్గరికెళ్ళింది. నార అని ఆయన నోటితో ఒక్క మాట చెబితే, ఆ మాట పట్టుకుని ఎవరైనా పెద్దమనిషిని కాలేజీకి పంపవచ్చు, అప్పుడు దొర కూడా కాస్త వింటాడని ఆశ. ముసలాయన అంచు నుంచి దారం ఒకటి లాగాడు. నాలిక మీద తడిపాడు. తెంపి, చివర్లని అద్దం కింద పెట్టి చూశాడు. ఇంకో దారం లాగి అగ్గిపుల్లతో కాల్చి వాసన చూశాడు. మళ్ళీ మొదటిదాన్ని చూశాడు.

“నూలు,” అన్నాడు.

“ఏమిటీ?”

“నూలమ్మా. పత్తి. నార తెగితే కొస సూదిలా ఉంటుంది. ఇది చీపురు కొసలా విచ్చుకుంది, చూసుకో. గంజి దట్టంగా పట్టించారు, అందుకే చల్లగా తగిలింది నీకు. ఉన్నితో నూలు నిక్షేపంగా వేసుకోవచ్చు.” అద్దం దించి ఆమె మొహంలోకి చూశాడు. “ఎవరు చెప్పారు నీకు నారని?”

ఫ్రూమా అక్షరాన్ని మళ్ళీ రుమాల్లో చుట్టుకుంది. ఇంటికొచ్చే దారిలో పచ్చళ్ళ పీపాల మధ్య రెండుసార్లు ఆగింది. నిప్పంటుకుంటుందని భయపడి నీళ్ళు చల్లడం వేరు, నీళ్ళనుకుని కిరసనాయిలు చల్లడం వేరు. తను చేసింది రెండోది. దాచేయాలనిపించింది ఒక నిమిషం. కానీ వాడు చెయ్యని పాపానికి వాడు శిక్ష మోస్తుంటే నోరు మూసుకుని పక్కన కూర్చోగలదా?

రాత్రి భోజనాల దగ్గర చెప్పేసింది. చెప్పి, తల వంచుకుని ఎదురుచూసింది. జల్మన్ నవ్వు మొదలెట్టాడు. బల్ల మీద తల పెట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. బెరిష్ కూడా మీసం కింద నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు.

“గంజి,” అన్నాడు జల్మన్, ఊపిరి తీసుకుంటూ. “అమ్మా, గంజి మనల్ని ముంచేసిందే.”

“నవ్వకురా. చావాలనుంది నాకు.”

“చావకు. కూర్చుని అక్షరం కుట్టెయ్. అది కాలేజీది, కాలేజీ అడిగింది, ఇచ్చేద్దాం.”

ఆమె అప్పుడే కూర్చుని, కోటు భుజాలకి వేసే రెట్టింపు కుట్టు వేసింది. దారం కొరికి, చొక్కా మడతపెట్టి, మెల్లిగా అడిగింది. “మరి కాగితం?”

“కాగితం వేరు.”

“ఏం వేరు? తప్పు నాదే కదా. అజ్ఞానం అంటే ఏం, అబద్ధమా? నాకు చదువెక్కడుంది? ఒక్క గీత గీసి పారెయ్. వంగితే నడుం విరగదు.”

“నీ తప్పు నువ్వు రెబ్ ఫైవిష్ దగ్గర ఒప్పేసుకున్నావు. అక్కడితో అది అయిపోయింది. ఈయన రాయించుకుంటున్నది గుడ్డ గురించి కాదమ్మా.”

“గుడ్డ గురించో, గొడ్డు గురించో, నాకెందుకు? సంతకం పెట్టకపోతే ఇవాళ ఆట పోతుంది, రేపు పట్టా పోతుంది. వాళ్ళ చేతిలో ఉంది నీ చదువు.”

బుధవారం ఇదే పాట. గురువారం ఇదే. పొద్దున్న వాడు లేచేసరికి కాళ్ళ దగ్గర కూర్చుని ఉండేది. శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపాలు వెలిగించి, ప్రార్థనకని కళ్ళ మీద కప్పుకున్న చేతులు తియ్యకుండా అలాగే ఏడ్చింది. శనివారం ఆకాశంలో మూడు చుక్కలు కనబడి సబ్బాతు ముగిశాక, జల్మన్ చొక్కా సంచిలో పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

“సరేలే అమ్మా,” అన్నాడు. “పెడతాను.”

తలుపు మూసుకుంది. ఫ్రూమాకి హాయిగా ఊపిరి రావాలి. రాలేదు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే దారిలో మనసు మార్చుకుంటాడేమో, అక్కడికెళ్ళి ఎదురు తిరుగుతాడేమో, పోలీసుల్ని పిలుస్తారేమో.

“శాలువా ఇలా ఇవ్వు, నువ్వూ పద,” అంది బెరిష్‌తో. “సంతకం పెట్టడం నా కళ్ళతో చూస్తే గానీ కుదరదు.”

హాలు కిక్కిరిసి ఉంది. ఒక పక్కంతా వీళ్ళ వీధివాళ్ళు. పొద్దుతిరుగుడు గింజలు, పెద్ద గొంతులు. రెండో పక్క అవతలి కాలేజీ వాళ్ళు, బొచ్చు కాలర్ల కోట్లు. వల లోపల రెండు జట్లూ బంతి అటూ ఇటూ వేసుకుంటున్నాయి. జల్మన్ మాత్రం బయటే, వల తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. గుండెల మీద అక్షరం తిన్నగా కూర్చుంది. ఎదురుగా థార్ప్, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. నెరిసిన మీసం, శుభ్రమైన గోళ్ళు. ఫ్రూమా జనాన్ని తోసుకుంటూ నాలుగడుగుల దూరందాకా వచ్చింది.

థార్ప్ ఆమెని చూశాడు. తలకి కట్టిన గుడ్డ, శాలువా చూశాడు. “ఈమేనా?” అని జల్మన్‌ని అడిగి, కాగితం పైకెత్తి, ముందు వరసల వాళ్ళందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాడు. ఫ్రూమాకి ఆ మాటల్లో మూడోవంతు కూడా తెలియలేదు. చదువుతూ మధ్యలో ఒకచోట అతను ఆగి తనవైపు తల ఊపినప్పుడు మాత్రం, బొచ్చు కాలర్లలో ఎవరో నవ్వడం వినబడింది.

చదవడం అయ్యింది. థార్ప్ కలం మూత తీసి ఇచ్చాడు. జల్మన్ పుచ్చుకున్నాడు. అట్ట కిందికి పట్టుకున్నాడు థార్ప్, కావాలనే, నడుం దగ్గరికి. జల్మన్ వంగాడు.

ఆ వంగిన మెడ ఫ్రూమాకి తెలుసు. మెడ మీద ఎముక అలాగే పైకొచ్చింది ఆమె తండ్రికి, పాత ఊళ్ళో, జమేదారు బల్ల ముందు. కొట్టు తగలబెట్టిందెవరో ఊరందరికీ తెలిసినా, నా చేత్తో నేనే తగలబెట్టుకున్నానని రాసి ఉన్న కాగితం మీద వేలిముద్ర వేశాడాయన. పెళ్ళాం పిల్లలు ఏడుస్తున్నారని వేశాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు గానీ, ఆ మెడ మళ్ళీ నిలవలేదు.

ఫ్రూమా ఆ నాలుగడుగులూ వేసి కొడుకు చేతిలోంచి కలం లాగేసుకుంది.

“వద్దు,” అంది.

“అమ్మా, నువ్వే కదా...”

“నేనే. ఇప్పుడు వద్దంటున్నాను. లెయ్. తిన్నగా నిలబడు.”

థార్ప్ ఏదో అన్నాడు, మర్యాదగా, పాపని బుజ్జగించినట్టు. ఫ్రూమా కలాన్ని శాలువాకి తుడిచి అతనికి తిరిగిచ్చింది. తనకొచ్చిన ఇంగ్లీషంతా బజార్లో బంగాళాదుంపలకి బేరమాడేది. దాంతోనే మొదలుపెట్టింది. “మిస్టర్. ఈ చెయ్యి ఊడదీసింది. నాది. వాడిది కాదు. గుడ్డ నూలు. నేను నార అనుకున్నా. నాదే తప్పు. దేవుడికి సారీ చెప్పా. నీకు కాదు.” అక్కడితో ఇంగ్లీషు అయిపోయింది. వల లోపల, తలుపు దగ్గరున్న లైజర్‌ వైపు తిరిగింది. జల్మన్‌తో కలిసి నిచ్చెన బుట్టలో మేజోడు విసిరిన పిల్లాడే. “ఒరే లైజర్, మిగతాది నువ్వు చెప్పు. మా ఇంట్లో ఒక బట్టలో ఇంకో బట్ట కలిస్తే మేం ఊడదీస్తాం. రేపు మళ్ళీ అనుమానమొచ్చినా ఊడదీస్తాను. తప్పయితే మళ్ళీ కుట్టుకుంటాను. అందులో సిగ్గుపడ్డానికి ఏమీ లేదని చెప్పు. సరిగ్గా చెప్పు, మెత్తగా చెప్పకు.”

లైజర్ చెప్పాడు. ఏం చెప్పాడో గానీ, మెత్తగా మాత్రం లేదు. వీధివాళ్ళ వైపు నుంచి ఎవరో ఈలేశారు.

థార్ప్ చెవులు ఎర్రబడ్డాయి. జల్మన్‌కి ఆట లేదని, మిగతావాళ్ళు మొదలుపెట్టవచ్చని చెప్పి, తలుపు గడియ వెయ్యబోయాడు. వెయ్యడానికి కుదరలేదు. తలుపు సందులో డూలీ కాలుంది. డూలీ జట్టులోని ఐరిష్ కేథలిక్ కుర్రాడు, ఆరడుగుల పైన మూడంగుళాలు.

“మా అమ్మ శుక్రవారం మాంసం వాసన కూడా ఇంట్లోకి రానివ్వదు సార్,” అన్నాడు. “ఆవిడ మీద కూడా ఒక కాగితం రాయించుకుంటారా? ఆవిడ కర్ర పట్టుకొస్తుంది మరి.”

అంటూనే బయటికొచ్చేశాడు. వెనక లైజర్ వచ్చాడు. ఆ వెనక మిగతా ఇద్దరూ. నలుగురూ జల్మన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. వల లోపల అవతలి జట్టు అయిదుగురే మిగిలారు, బంతి ఎవరికి వెయ్యాలో తెలీక. హాల్లో కాళ్ళతో నేల తన్నడం మొదలైంది. ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్కా. అవతలి కాలేజీ మేనేజరు గడియారం తీసి చూపిస్తూ వచ్చాడు. మంచులో రైలెక్కి వచ్చాం, ఆడతారా, ఓడిపోయామని రాసిస్తారా అన్నాడు.

థార్ప్ అట్టని చంకలో పెట్టుకున్నాడు. “ఆడు,” అన్నాడు జల్మన్‌తో. “కెప్టెన్‌గా మాత్రం కాదు.”

“అలాగే సార్,” అన్నాడు జల్మన్. అయిదుగురూ లోపలికెళ్ళారు. రిఫరీ కెప్టెన్లని పిలిస్తే వీళ్ళ వైపు నుంచి ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచాడు. డూలీ జల్మన్ వీపు మీద చెయ్యేసి ముందుకి తోశాడు.

ఫ్రూమా ఈసారి సగంలో లేవలేదు. కూర్చోనూ లేదు. వల పట్టుకుని నిలబడింది. అవతలివాళ్ళు బలంగా ఉన్నారు, బాగా తిని పెరిగిన పిల్లలు, నిజానికి ఆట కూడా వీళ్ళకంటే బాగా ఆడుతున్నారు. వాళ్ళలో ఒక పొడుగువాడు మొదటినుంచీ జల్మన్ని వలకేసి తోస్తూనే ఉన్నాడు. తోసినప్పుడల్లా ఫౌల్, ఫౌల్ అయినప్పుడల్లా జల్మన్ గీత దగ్గరికెళ్ళి రెండు చేతుల్తో బంతి ఊపి వదలడం. బొచ్చు కాలర్లు కేకలేశాయి, ముక్కులు సాగదీశాయి. బంతి వెళ్ళి బుట్టలో పడుతూనే ఉంది. ఇంకా అయిదు పాయింట్లు వెనకే ఉన్నారు. గంట కొట్టడానికి రెండు నిమిషాలుందనగా పొడుగువాడి మోచెయ్యి జల్మన్ కనుబొమ్మ మీద పడింది.

ఫ్రూమా ముందే ఎన్నోసార్లు చూసేసిన దృశ్యమది, కళ్ళు మూసుకున్నప్పుడల్లా. మోకాళ్ళ మీద కొడుకు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు. రిఫరీ వంగి ఏదో అడుగుతున్నాడు. థార్ప్ అప్పటికే లేచి, బెంచీ మీద కుర్రాణ్ణి వేలితో పిలుస్తున్నాడు. ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి పోనివ్వరు. ఆ ఫౌల్ బంతి కూడా ఇంకెవడో వేస్తాడు.

“బయటికి తీసుకురండి అతన్ని,” అన్నాడు థార్ప్. “పాపం, ఇంటికి పంపిద్దాం. తల్లి కూడా ఇక్కడే ఉంది.”

ఆ మాట మాత్రం ఫ్రూమాకి తెలిసింది. జల్మన్ లేచి వల దగ్గరికొచ్చాడు. ఒక కన్ను మూసుకుపోయింది, రెండో కంటితో తల్లిని చూశాడు. చాలు నాయనా, ఇంటికి పోదాం. ఇన్నేళ్ళుగా కిటికీలోంచి, గుమ్మంలోంచి, నిద్రలోంచి అన్న మాట. నాలిక చివరే ఉంది. ఆమె రుమాలు తీసి, సన్నగా మడిచి, వల కంతలోంచి లోపలికి తోసింది.

“తుడుచుకో,” అంది. “కంట్లోకి కారితే బుట్ట కనబడదు.”

జల్మన్ తుడుచుకున్నాడు. రుమాలు నడుముకి దోపుకుని, గీత దగ్గరికెళ్ళి, మోకాళ్ళు వంచాడు. బంతి బుట్ట అంచు తాకి, ఒక్కసారి ఆగి ఆలోచించినట్టై లోపలికి జారింది. వీధివాళ్ళ అరుపుకి ఇనప వలంతా జలదరించింది. ఫ్రూమా అరవలేదు. వల వదలనూ లేదు.

నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

తలుపు దగ్గర థార్ప్ మళ్ళీ ఎదురయ్యాడు. అట్ట లేదు ఈసారి. జల్మన్‌తో రెండు ముక్కలు గట్టిగా చెప్పాడు, ఫ్రూమా వైపు చూడకుండా.

“ఏమంటాడు?” అంది ఫ్రూమా, వాడి నుదుటి మీద రుమాలు అదిమిపట్టి. “పట్టా ఆపేస్తాట్టా?”

“పట్టా ఆయన చేతిలో లేదమ్మా, అది పరీక్షల వాళ్ళది. సోమవారం నుంచి జట్టులోంచి తీసేస్తాట్ట.”

“సోమవారం ఆటుందా?”

“లేదు. నా ఆటలు అయిపోయాయి. ఇదే ఆఖరిది.”

ఫ్రూమా రుమాలు వాడి చేతికిచ్చింది. తర్వాత థార్ప్‌కి ఎదురుగా నిలబడి, బంగాళాదుంపలు కొన్నాక కొట్టువాడికి చెప్పినట్టే చెప్పింది.

“థాంక్యూ, మిస్టర్.”

బెరిష్ దగ్గుతూ గోడవైపు తిరిగాడు. ఆమె కొడుకు కోటు కాలరు పైకెత్తి, గుండీలు ఒకటొకటిగా పెట్టడం మొదలెట్టింది.

“చెవులు కప్పుకో. చెమట మీద ఈ గాలి తగిలితే న్యుమోనియా వచ్చి చస్తావు.”